గొంగడి విలువ

మార్గశిర, పుష్య మాసాలు వచ్చాయంటే కొత్తగూడెం రహదారుల పక్కన రంగురంగుల రగ్గుల గుట్టలు వెలుస్తాయి. పెద్దపెద్ద పూలు, పులిబొమ్మలు అచ్చువేసిన ఆ రగ్గులు మెత్తగా, తేలికగా ఉంటాయి. ధర కూడా సామాన్యునికి అందుబాటులో ఉంటుంది. చలికి వణకే కుటుంబం వాటిని కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. అయితే పల్లె విడిచి గనిపనికి వచ్చిన పాతతరం కార్మికుల ఇండ్లలో వెతికితే, ఎక్కడో ఇనుపపెట్టె అడుగున మడతపెట్టిన నల్లని గొంగడి ఒకటి ఇప్పటికీ దొరకవచ్చు. దానిని కప్పుకొనేవారు లేరు. పారవేయడానికి మనసు రాదు. బరువైనది, గరుకైనది, పాతబడినది అన్న మూడు మాటలతో దాని కథ ముగిసిపోతున్నది. ఆ మాటల వెనుక ఎంత విద్య, ఎంత శ్రమ ఉన్నాయో తెలుసుకొనకుండా దానిని పక్కన పెట్టడం న్యాయమేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

కొత్తగూడెం బొగ్గువల్ల ఎదిగిన పట్టణం. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సంస్థకు సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చింది. కాలక్రమంలో కొత్తగూడెం ఆ సంస్థకు ప్రధాన కార్యస్థానమయింది. నానా జిల్లాల నుండి శ్రామికులు ఇక్కడికి తరలివచ్చారు. వలసవచ్చే మనిషి వెంట తెచ్చుకొనేవి కొన్నే ఉంటాయి. పల్లెలో పడకగా, కప్పుగా, గొడుగుగా పనికివచ్చిన గొంగడి అటువంటి కొద్ది వస్తువులలో చేరదగినది. ఇక్కడ తవ్విన బొగ్గుకు టన్నుల లెక్క ఉన్నది. తవ్విన కార్మికుని హాజరుకు పుస్తకం ఉన్నది. గొంగడిలో కలిసిపోయిన శ్రమకు మాత్రం ఏ పుస్తకంలోనూ పద్దు లేదు.

గొంగడిని కొన్ని ప్రాంతాలవారు గొంగళి అంటారు. కంబళి అన్న మాట సంస్కృత కంబలశబ్దం నుండి వచ్చింది. ఒంటినిండా నూగుతో పాకే పురుగుకు తెలుగువారు గొంగళిపురుగు అని పేరుపెట్టారు. సాగని పనిని గురించి చెప్పవలసి వస్తే 'ఎక్కడ వేసిన గొంగడి అక్కడే' అంటారు. తాను ఎంచుకొన్న చోట తానే తప్పులు వెదికేవానిని 'గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్లు' అని ఎద్దేవా చేస్తారు. ఇంటిపేరుగా కూడ ఈ మాట నిలిచింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని భద్రాచలంలో పుట్టి, 2025లో మలేసియాలో జరిగిన పందొమ్మిదేండ్లలోపు మహిళల టీ20 ప్రపంచ కప్పులో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైన యువతి పేరు గొంగడి త్రిష. ఒక వస్తువు జనజీవితంలోకి ఎంత లోతుగా చొచ్చుకొనిపోతే దాని పేరు ఇన్ని రూపాలలో భాషలో నిలుస్తుందో ఊహించవచ్చు.

ప్రాచీన వాఙ్మయం కూడ ఉన్ని కంబళాన్ని చిన్నచూపు చూడలేదు. బుద్ధుని కాలపు తాత్త్వికులలో ఒకడైన అజితునికి కేశకంబళి అన్న పేరు అతడు ధరించిన కంబళం వల్లనే వచ్చింది. పాణిని 'కంబల్య' శబ్దానికి ప్రత్యేకంగా ఒక సూత్రం చేశాడు. నూరు పలాల ఉన్నికి అది సంజ్ఞ అని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే ఒక కంబళానికి పట్టే ఉన్ని ఆనాటికే ఒక కొలమానమయింది. కౌటిల్యుని అర్థశాస్త్రం కోశాగారంలో చేర్చదగిన విలువైన వస్తువులను పేర్కొన్న అధ్యాయంలో ఉన్ని వస్త్రాలనూ చేర్చింది. నేపాళ దేశపు నల్లని కంబళమొకటి ఎనిమిది ముక్కలను జోడించి చేసినదని, అది వానను వారిస్తుందని అందులో ఉన్నది. రత్నాలు, చందనం లెక్కించిన చోటనే గొర్రె ఉన్నిని కూడ లెక్కించిన శాస్త్రకారుని దృష్టి గమనింపదగినది.

గొంగడి విలువ తెలియాలంటే అది తయారయ్యే క్రమం తెలియాలి. దానికి ముడిసరుకు దక్కని జాతి గొర్రె. తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక, మహారాష్ట్ర పీఠభూములలోని మెట్టనేలలకు, దూరపు నడకకు, కరువుకు అలవాటుపడిన జాతి ఇది. పల్లెలలో దీనిని నల్లగొర్రె అంటారు. తెలంగాణలో కురుమలు, కర్ణాటకలో కురుబలు ఈ గొర్రెలను పెంచుతూ గొంగళ్లు నేస్తూ వచ్చారు. సాధారణంగా ఏడాదికి రెండుమార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఒక్క గొర్రె ఇచ్చే ఉన్ని స్వల్పం. కాబట్టి ఒక గొంగడి వెనుక ఎన్నో గొర్రెలు, వాటిని ఎండలో వానలో తిప్పిన కాపరి నడక ఉంటాయి. మొదటిసారి కత్తిరించిన గొర్రెపిల్ల ఉన్ని మెత్తన. దానిని మేలైన గొంగడికి దాచుకొంటారు.

కత్తిరించిన ఉన్నిలో ముళ్లు, గడ్డిపరకలు, మట్టి చిక్కుకొని ఉంటాయి. వాటిని ఏరి, ఉన్నిని విడదీసి, ఏకి దూదివలె పొంగేటట్లు చేస్తారు. తరువాత వడకడం. ఈ పనిలో స్త్రీల పాలు ఎక్కువ. కదురు తిప్పుతూ, వేళ్ల మధ్య ఉన్నిని సాగదీస్తూ నూలు తీస్తారు. నిలువున సాగే పడుగుకు గట్టి పురి ఉండాలి. అడ్డంగా సాగే పేకకు కొంత వదులు పురి చాలు. పడుగు బిగువుగా ఉంటేనే మగ్గంమీద లాగుడుకు తట్టుకొంటుంది. పేక వదులుగా ఉంటేనే అల్లికలో గాలి నిలిచి వెచ్చదనం కలుగుతుంది. ఈ తేడాను ఏ యంత్రమూ కొలిచి చెప్పదు. వడికే స్త్రీ వేళ్లకే అది తెలుసు.

పడుగును వీధిలో బారుగా పరచి చింతగింజల గంజి పట్టిస్తారు. చింతగింజలను వేయించి, పొట్టుతీసి, నూరి ఉడికిస్తే జిగురైన గంజి తయారవుతుంది. దానిని కుంచెతో రాస్తే నూలుమీద లేచి ఉన్న నూగు అణిగి, పోగులు ఒకదానికొకటి చిక్కుపడవు; రాపిడికి తెగిపోవు. కొత్త గొంగడి బిరుసుగా ఉండడానికి ఈ గంజి కూడ ఒక కారణం. వాడిన కొద్దీ, తడిసిన కొద్దీ అది మెత్తబడుతుంది. ఊరి చింతచెట్టు, ఊరి గొర్రె, ఊరి చేతులు కలిసి చేసే ఈ పనిలో బయటి నుండి కొనవలసింది అత్యల్పం.

నేత గుంటమగ్గంమీద జరుగుతుంది. నేతగాడు గుంటలో కాళ్లుపెట్టి కూర్చుండి, తొక్కుడు కర్రలతో పడుగును విడదీస్తూ, చేత్తో పేకను దాటించి గట్టిగా దగ్గరికి కొడతాడు. చేయి అందే మేరకే అటువంటి మగ్గం వెడల్పు. అంతకంటె వెడల్పైన కంబళం కావలసినప్పుడు పట్టీలుగా నేసి అంచులు కలిపి కుట్టే పద్ధతి ఉన్నది. అర్థశాస్త్రం చెప్పిన జోడింపు కంబళానికి ఇటువంటి అవసరమే మూలం కావచ్చు. ఉన్నికి అద్దకం ఉండదు. నలుపు, గోధుమ, బూడిద, తెలుపు అన్నీ గొర్రె ఇచ్చిన రంగులే. వాటినే చారలుగా, అంచులుగా కూర్చుతారు. అందువల్ల పాత గొంగడిని వెలుతురులో పరచి చూస్తే నలుపంతా ఒకే నలుపు కాదని, ఒక్కొక్క గొర్రె రంగు ఒక్కొక్క చోట బయటపడుతున్నదని తెలుస్తుంది.

తెలుగునాట చలికి కప్పుకొనే మరొక వస్తువు బొంత. పాతచీరలు, పంచెలు పొరలుగా పేర్చి, బారుకుట్టుతో అంతటా కలిపి కుట్టినది బొంత. అది పాతబట్టకు రెండవ జన్మ. పడమటి దేశాలలో ఈ రెంటికీ దగ్గరి బంధువనదగిన వస్తువు ఒకటి ఉండేది. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో, ఉత్తర అమెరికా వలసలలో మెరుపు పట్టించిన ఉన్నిబట్టను పైపొరగా, ఏకిన ఉన్నిని నడిమిపొరగా, ముతక బట్టను అడుగుపొరగా పెట్టి చేత్తో కుట్టిన ఉన్ని బొంతలు వాడేవారు. రంగురంగుల ముక్కల అతుకు లేకుండా పైభాగమంతా ఒకే రంగు వస్త్రంతో ఉండడం వాటి ప్రత్యేకత. నీలిమందు రంగు బొంతలు వాటిలో ప్రసిద్ధమైనవి. అక్కడ కూడ మగ్గం ఇరుకు కాబట్టి రెండు మూడు వెడల్పులను అతికి ఒకే వస్త్రంగా చేసేవారు. ఈనాడు ఆ బొంతలను అక్కడి సంగ్రహాలయాలు భద్రపరుస్తున్నాయి. పోగు పురి, అతుకు జాడ, కుట్టు దూరం, నడిమిపొర రకం చూసి అది ఎప్పటిదో, ఎటువంటి ఇంటిదో పండితులు నిర్ణయిస్తారు. పేరులేని స్త్రీల చేతిపనిని వారు చరిత్రకు ఆధారంగా చదువుతున్నారు. గొంగడిని కూడ అదే విధంగా చదవవచ్చు. చదివేవారే కరవు.

గొంగడి గుణాలు కేవలం పాతకాలపు నమ్మకాలు కావు. ఉన్నిపోగు సహజంగా వంకరలు తిరిగి ఉంటుంది. ఆ వంకరల మధ్య గాలి చిక్కుకొని వేడిని బయటికి పోనీయదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకొని కూడ చేతికి తడి తెలియనీయదు. తేమను పీల్చేటప్పుడు కొంత వేడిని విడుదల చేస్తుంది. దానిమీద ఉండే సహజమైన జిడ్డు వానచినుకును జార్చుతుంది. ఉన్ని సులభంగా అంటుకోదు. అంటుకోవడానికి సుమారు 570 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మంట తీసివేస్తే తానే ఆరిపోతుంది. రగ్గులలో వాడే పాలిస్టరు 250 డిగ్రీలు దాటితే కరిగి ఒంటికి అంటుకొంటుంది. కుంపటి పక్కన పడుకొనే మనిషికి ఈ భేదం చిన్నది కాదు. పాలిస్టరును 1941లో ఇంగ్లండు రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అది పెట్రోలియం నుండి పుట్టి, పారవేసిన తరువాత మట్టిలో చాలాకాలం మిగిలిపోతుంది. గొంగడి గడ్డి నుండి పుట్టి మట్టిలో కలుస్తుంది.

కాపరికి గొంగడి ఒక్క కప్పు మాత్రమే కాదు. మడిచి తలమీద ముసుగు వేసుకొంటే వానకు గొడుగు, పరిస్తే పడక, కర్రలమీద కడితే నీడ, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను చుట్టి భుజాన వేసుకొంటే ఉయ్యాల. అందుకే అది కష్టజీవికి గుర్తయింది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు బలియై తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడుగా నిలిచిన దొడ్డి కొమరయ్య గొర్రెల కాపరుల కుటుంబానికి చెందినవాడు. తరువాతి కాలంలో 2023లో కన్నుమూసిన ప్రజాగాయకుడు గద్దర్ భుజాన గొంగడితోనే వేదిక ఎక్కేవాడు. పట్టుశాలువాకు లేని అర్థం ఆ ముతక బట్టకు అట్లా కలిగింది.

ఇంత విలువైనది ఎందుకు కనుమరుగవుతున్నది? జనానికి మాంసం కావాలి. గొర్రెకు ధర మాంసంతో వస్తున్నది. ఎత్తుగా, త్వరగా ఎదిగే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటిమీద ఉన్ని ఉండదు, వెంట్రుకే ఉంటుంది. ఆ జాతి పొట్టేళ్లతో నల్లగొర్రెలను దాటించడం వల్ల మందలలో ఉన్ని తగ్గిపోతూ వచ్చింది. ఉన్నికి కొనేవారు లేకపోవడంతో కత్తిరింపు కూలి కూడ కాపరి మీదనే పడింది. కత్తిరించిన ఉన్ని పారవేసే పరిస్థితి చాలాచోట్ల ఏర్పడింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకాన్ని ప్రారంభించి, 75 శాతం రాయితీపై ఇరవై ఆడగొర్రెలను, ఒక పొట్టేలును ఒక్కొక్క లబ్ధిదారునికి ఇచ్చింది. ఇతర రాష్ట్రాల నుండి గొర్రెలను కొని తెచ్చిన ఆ పథకం గురి మాంసోత్పత్తి, గ్రామీణ ఆదాయం. ఆ గురి మంచిదే. కాని గొర్రె ఒంటిమీద మరొక ఆదాయం కూడ పెరుగుతుందన్న సంగతి లెక్కలోకి రాలేదు.

ఇక్కడ ఎదుటిపక్షం మాటను కూడ వినాలి. గొంగడి గుచ్చుకొంటుంది. 30 మైక్రాన్లను మించిన మందమున్న ఉన్నిపోగు చర్మానికి దురద పుట్టిస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు; దక్కని ఉన్నిలో అటువంటి ముతక పోగులు చాలా ఉంటాయి. గొంగడి బరువు, తడిస్తే వాసన, ఉతకడం కష్టం. వీటికంటె బలమైన వాదం మరొకటి ఉన్నది. కాపరి బిడ్డలు చదువుకొని ఉద్యోగాలు చేయాలని కోరుకొంటారు. వారిని మగ్గం గుంటలోనే కూర్చోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. లాభంలేని నల్లగొర్రెను సంస్కృతి పేరుతో పెంచుమని చెప్పడం, మరొకరి ఖర్చుతో తాము పుణ్యం మూటగట్టుకోవడమే అవుతుంది.

ఈ వాదం నిజం. దాని నుండి తేలవలసిన నిర్ణయం మాత్రం గొంగడిని వదిలివేయడం కాదు. దాని అసలు ధరను చెల్లించడం. కాపరి నడక, స్త్రీ వడకడం, నేతగాని నేత, ఇన్ని రోజుల పనిని కొనేవారు ఒక్క రగ్గు ధరతో పోల్చి బేరమాడుతారు. గుచ్చుకొంటుందన్న దోషానికి మందు కూడ ధరలోనే ఉన్నది. మొదటి కత్తిరింపు ఉన్నిని వేరుచేసి సన్నగా వడికితే మెత్తని గొంగడి వస్తుంది. ముతక ఉన్నిని నేలమీద పరిచే చాపలకు, తివాచీలకు, సంచులకు వాడవచ్చు. ఏరి వేరుచేసే ఓపికకు తగిన ప్రతిఫలం లేనప్పుడు ఎవరు ఏరుతారు?

నేటి సభలలో ఒక ఆచారం కనిపిస్తుంది. నాయకులు వచ్చినప్పుడు వారి భుజాన గొంగడి వేసి, చేతిలో గొర్రెపిల్లను పెట్టి చిత్రాలు తీస్తారు. సభ ముగిసేసరికి ఆ గొంగడి భుజం దిగుతుంది. గౌరవం వేదిక మీదనే ఆగిపోతుంది; నేసినవాని ఇంటివరకు పోదు. ప్రసంగాలు ఎన్ని జరిగినా ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అన్న సామెతకు ఇంతకంటె సరియైన ఉదాహరణ దొరకదు. సంగ్రహాలయంలో అద్దాలపెట్టెలో పెట్టడం కూడ చాలదు. అద్దాలపెట్టె ఒక గొంగడిని కాపాడగలదు. గొంగడి నేసే విద్యను కాపాడలేదు. గొర్రె మేసే పచ్చిక, కదురు తిప్పే వేళ్లు, మగ్గం, కొనే మనిషి, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తెగినా ఆ విద్య తెగిపోతుంది.

చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. గొర్రెల పథకాలలో నల్లగొర్రెను కోరుకొనేవారికి అదే జాతిని ఇవ్వాలి. సహకార సంఘాల ద్వారా ఉన్నిని నిర్ణీత ధరకు కొనాలి. ప్రభుత్వ వసతిగృహాలకు ప్రతి ఏటా దుప్పట్లు అవసరమవుతాయి. వాటిలో ఒక భాగం గొంగళ్లైతే నేతగానికి నమ్మకమైన గిరాకీ ఏర్పడుతుంది. బొగ్గుగనుల ప్రాంతంలో పదవీవిరమణ సభలు తరచు జరుగుతాయి. దశాబ్దాలపాటు భూగర్భంలో చెమటోడ్చిన కార్మికునికి జరీశాలువాకు బదులు, మరొక శ్రామికుడు నేసిన గొంగడిని కప్పితే ఆ సన్మానానికి అర్థం పెరుగుతుంది. శ్రమ శ్రమను గౌరవించిన సందర్భమది అవుతుంది.

యువతరం చేయగల పని మరొకటి ఉన్నది. ఇంట్లో పాత గొంగడి ఉంటే ముందుగా దానిని రక్షించుకోవాలి. ఉన్నిని తినే పురుగు చీకటిలో, కదలిక లేని మడతలలో పెరుగుతుంది. కాబట్టి అప్పుడప్పుడు విప్పి, దులిపి, ఎండ చూపాలి. వేపాకు వేసి దాచాలి. వేడినీళ్లలో వేసి బాదకూడదు. బాదితే పోగులు ముడుచుకొని గొంగడి కుదించుకొనిపోతుంది. తరువాత దానిని చదవాలి. నూలు మందం చోటుచోటుకూ మారితే అది చేత్తో వడికినది. నలుపులో ఛాయలు మారితే అది అద్దకం లేనిది. నడుమ అతుకు ఉంటే మగ్గం వెడల్పు తెలుస్తుంది. చిరిగిన చోట వేరే రంగు పోగుతో వేసిన రఫ్ఫు కనబడితే, ఆ ఇంటి ఇల్లాలు దానిని ఎంత పొదుపుగా కాపాడుకొన్నదో అర్థమవుతుంది. ఇంట్లోని అవ్వను, తాతను అడిగి అది ఏ ఊరిలో, ఎవరి చేత నేయించుకొన్నదో రాసి పెట్టుకొంటే, పుస్తకాలకెక్కని ఒక చరిత్రకు అది మొదటి పుట అవుతుంది.

గొర్రె అన్న మాట తిట్టుగాను, గొంగడి అన్న మాట మోటుతనానికి గుర్తుగాను చలామణి అవుతున్నంతకాలం ఏ పథకమూ ఆ విద్యను నిలబెట్టలేదు. కాపరి బిడ్డ తరగతిగదిలో తన ఇంటిపనిని గురించి తలవంచుకొనకుండా చెప్పగలగాలి. తోటి విద్యార్థి దానిని నవ్వకుండా వినగలగాలి. ఆ వినికిడి తరగతిగదిలో మొదలైతే అంగడిలో ధర, మందలో నల్లగొర్రె దాని వెంట రావడానికి దారి ఏర్పడుతుంది.